టమాటా పూమొగ్గలో క్షయకరణ విభజన: జన్యు పునస్సంయోజనముపై ఒక పాఠము

మేము తెలుగు బోధించువారము. ఐనను పరీక్షలు సమీపించినపుడు వృక్షశాస్త్ర విద్యార్థులు తమ పుస్తకములతో మా వద్దకు వచ్చుట కలదు. వారికి పాఠము రాక కాదు, పాఠములోని మాటలు అర్థముగాక వత్తురు. ఒకనాడు ఒక విద్యార్థి "క్షయకరణ విభజన అంటే ఏమిటి సార్? క్షయ అంటే రోగం కదా!" అని అడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. మేము నవ్వలేదు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. ఆ మాట వెనుక నున్న విషయమును ఎవ్వరును అతనికి చూపలేదు, అంతియే.

ఆ మరునాడు మేము శాస్త్రశాఖలోని మా మిత్రుని వెంట ప్రయోగశాలకు పోయి, విద్యార్థులతో గూడ సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటిమి. అప్పుడు చూచినదియు, పిదప చదివి తెలిసికొన్నదియు, మా మిత్రుడు సరిదిద్దినదియు కలిపి ఈ పాఠముగా వ్రాయుచున్నాము.

మాటల సంగతి

'క్షయము' అనగా తగ్గుట. రోగమునకు ఆ పేరు వచ్చినది శరీరము తగ్గిపోవుటచేతనే. ఈ కణవిభజనలో తగ్గునది క్రోమోసోముల సంఖ్య. ఆంగ్లములో దీనికి గల 'మియోసిస్' అను పేరు గ్రీకు భాషనుండి వచ్చినది. దాని అర్థము కూడ తగ్గుటయే. ఈ పేరును 1905లో ఫార్మర్, మూర్ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ప్రవేశపెట్టిరి.

తల్లిదండ్రుల లక్షణములు సంతానమునకు వచ్చుటను మన పాఠ్యపుస్తకములు 'అనువంశికత' అనును. వాడుకలో మనము 'వారసత్వము' అందుము. ఈ రెండవ మాటకు మూలమైన 'వారిస్' అరబ్బీ శబ్దము. ఉర్దూ విద్యార్థులు దానినే 'విరాసత్' అను రూపములో ఎరుగుదురు. కావున ఈ పాఠము చదువు ఇరుభాషల విద్యార్థులకు మొదటి మాట ముందే తెలిసియున్నది.

టమాటాను ఎంచుకొనుటకు కారణము

తెలంగాణ పల్లెలలో 'రాములక్కాయ' అని పిలువబడు ఈ మొక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని పశ్చిమ ప్రాంతము. దాని అడవి బంధువులు నేటికిని పెరూ, ఈక్వడార్, చిలీ దేశములలో పెరుగుచున్నవి. వంకాయ, మిరప, ఆలుగడ్డ దీని కుటుంబమునకు చెందినవే.

జన్యుశాస్త్ర అధ్యయనమునకు ఈ మొక్క మిక్కిలి అనుకూలము. కొన్ని నెలలలోనే విత్తనమునుండి విత్తనము చేతికి వచ్చును. ఒక్క పండులోనే అనేక విత్తనములుండును. పువ్వు తన పుప్పొడితో తానే ఫలించును. మనము కోరినచో మొగ్గలోని పరాగకోశములను తీసివేసి, వేరొక మొక్క పుప్పొడి నద్ది సంకరము చేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, దీని క్రోమోసోములు 24 మాత్రమే. అనగా 12 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి మొక్క యిచ్చినది, ఒకటి తండ్రి మొక్క యిచ్చినది. ఇట్టి జతను సమజాత క్రోమోసోము లందురు.

పుప్పొడిలోని బీజకణమునందు 24, అండమునందు 24 ఉన్నచో వాటి కలయికవలన పుట్టు మొక్కలో 48 ఉండవలెను. దాని సంతానములో 96 ఉండవలెను. ఇట్లు ప్రతి తరమునకు రెట్టింపగుచు పోవలసివచ్చును. అట్లు జరుగుటలేదు. కావున బీజకణములు తయారగునపుడు ఎచ్చటనో సంఖ్య సగమగుచుండవలెను. ఈ అనివార్యతను 1887లో జర్మను శాస్త్రజ్ఞుడు వైస్మన్ తర్కబలముతో చెప్పెను. అట్లు సగము చేయు విభజనయే క్షయకరణ విభజన.

మొగ్గను పరీక్షించు విధము

టమాటా పువ్వులో పసుపుపచ్చని పరాగకోశములు సాధారణముగా ఐదు ఉండును. అవి ఒకదాని నొకటి అంటుకొని గోపురమువలె నిలిచి కీలమును చుట్టియుండును. వాటి లోపల పుప్పొడి మాతృకణములు గలవు. క్షయకరణ విభజన జరుగునది ఈ కణములలోనే. విచ్చిన పువ్వును తెచ్చి చూచిన లాభములేదు. అప్పటికి ఆ పని ముగిసి చాలదినములై యుండును. అతి చిన్న మొగ్గలో ఇంకను మొదలై యుండదు. సుమారు 3, 4 మిల్లీమీటర్ల మొగ్గలతో ప్రారంభించి, దానికి చిన్నవానిని, పెద్దవానిని కూడ పరీక్షించుచు సరియైన కొలతను ఎవరికి వారే కనుగొనవలెను. రకమును బట్టి, ఋతువును బట్టి ఈ కొలత మారుచుండును.

మొగ్గలను కోసిన వెంటనే మూడు భాగముల ఇథైల్ ఆల్కహాలు, ఒక భాగము గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లము కలిపిన ద్రవములో ఒక దినము ఉంచవలెను. ఇందువలన కణములు ఏ దశలో నున్నవో ఆ దశలోనే నిలిచిపోవును. తరువాత వానిని 70 శాతము ఆల్కహాలులో భద్రపరచుకొనవచ్చును. పరీక్షించునపుడు ఒక్క పరాగకోశమును గాజుపలకపై నుంచి, ఒక శాతము ఎసిటోకార్మిన్ చుక్క వేసి, ఇనుప సూదితో చీల్చి కణములను వెలికి నొక్కవలెను. సూదినుండి చేరు కొద్దిపాటి ఇనుము రంగును గాఢపరచును. తొక్కలను తీసివేసి, పైన పలుచని గాజుబిళ్ల నుంచి, కొంచెము వెచ్చజేసి, అద్దుడు కాగితము మడతలో బొటనవ్రేలితో నిలువుగా నొక్కవలెను. బిళ్ల పక్కకు జరిగినచో కణములు నలిగిపోవును.

మేము మొదటి దినమున తెచ్చిన మొగ్గలు ముదిరినవి. అన్నిటను పుప్పొడి రేణువులే కనబడినవి. రెండవ దినమున తెచ్చినవి మరీ లేతవి. మూడవ దినమున ఒక పరాగకోశములో మేము వెదకునది దొరకెను. ఒకే పరాగకోశములోని మాతృకణములు ఇంచుమించు ఒకే దశలో నుండును గనుక ఒకటి దొరకిన పది దొరకును.

విభజన జరుగు క్రమము

విభజనకు ముందే ప్రతి క్రోమోసోము తనవంటి మరియొక ప్రతిని తయారుచేసికొనును. ఆ రెండు ప్రతులు సెంట్రోమియరు వద్ద కలిసి యుండును. వానిని క్రోమాటిడ్లు అందురు. ఇట్లు రెట్టింపైన పిదప కణము వరుసగా రెండుసార్లు విభజన చెందును. రెట్టింపగుట ఒక్కసారి, విభజన రెండుసార్లు. సంఖ్య సగమగుటకు కీలక మిదియే.

మొదటి విభజనయొక్క ప్రథమదశ చాల దీర్ఘమైనది. దానిని ఐదు ఉపదశలుగా విభజింతురు. లెప్టోటీన్‌లో క్రోమోసోములు సన్నని దారములవలె కనబడును. జైగోటీన్‌లో సమజాత క్రోమోసోములు ఒకదానినొకటి వెదకికొని పొడవునను జతకూడుట ప్రారంభించును. పాకిటీన్‌లో ఆ జతకూడుట పూర్తియగును. అప్పుడు 12 జంటలు, ఒక్కొక్క జంటలో నాలుగు క్రోమాటిడ్లు ఉండును. ఇట్టి జంటను బైవాలెంట్ అందురు. డిప్లోటీన్‌లో జంటలోని రెండు క్రోమోసోములు విడివడ ప్రయత్నించును గాని, కొన్ని చోట్ల పెనవైచుకొన్నట్లు నిలిచియుండును. ఆ ముడులకు కయాస్మాలని పేరు. డయాకైనెసిస్‌లో జంటలు పొట్టివై, లావై, కణమంతట చెదరి యుండును. లెక్కించుటకు ఇదియే అనువైన సమయము.

పిదప మధ్యస్థదశలో జంటలు కణమధ్యమున బారులుతీరును. చలనదశలో ప్రతి జంటనుండి ఒక క్రోమోసోము ఒక ధ్రువమునకు, రెండవది ఎదుటి ధ్రువమునకు పోవును. ఇక్కడ 24 కాస్త 12 అగును. రెండవ విభజనలో సెంట్రోమియరు చీలి, రెండు క్రోమాటిడ్లు వేరగును. కడపట ఒక మాతృకణమునుండి నాలుగు కణముల గుంపు ఏర్పడును. ఆ నాలుగును పిదప నాలుగు పుప్పొడి రేణువు లగును. అండాశయములో ఇదే విభజన జరిగినను, ఏర్పడిన నాలుగింటిలో ఒక్కటి మాత్రమే నిలిచి, తక్కిన మూడును నశించును.

పదునొకండు, పండ్రెండు

ఇచ్చట జరిగిన ఒక చిన్న సంగతిని చెప్పక తప్పదు. డయాకైనెసిస్‌లో నున్న ఒక కణమును ద్వితీయ సంవత్సర విద్యార్థిని యొకతె చాలసేపు చూచి, జంటలను లెక్కించి, తన రికార్డు పుస్తకములో 'పదునొకండు' అని వ్రాసికొనెను. పక్కనున్న వారందరును 'పండ్రెండు' అని వ్రాసిరి. వారి బొమ్మలు కూడ చాల చక్కగా నుండెను. మేము వారిని ఒక్కొక్కరిని పిలిచి, "నీవు లెక్కపెట్టితివా?" అని అడిగితిమి. కొందరు తల వంచుకొనిరి. పుస్తకములో పండ్రెండు ఉన్నవి గనుక వారు పండ్రెండు వ్రాసిరి. బొమ్మలు కూడ పుస్తకములోనివే.

ఆ బాలిక మాత్రము భయపడుచు, "మార్కులు పోతాయా సార్? నాకు పదకొండే కనబడ్డాయి. పన్నెండు అని రాయమంటే రాస్తాను" అనెను. మా మిత్రుడు తానును చూచి, "నాకును పదునొకండే కనబడుచున్నవి" అనెను. ఆపై ఆయన ఫోకసును మెల్లగా త్రిప్పగా, లావుగా నున్న ఒక జంట రెండుగా విడిపోయెను. ఒకదానిపై నొకటి పడియుండుటచే అవి ఒక్కటిగా కనబడినవి. "అమ్మా, నీవు వ్రాసినది కొట్టివేయవద్దు. దాని క్రింద ఇది వ్రాయుము: మొదట పదునొకండు, ఫోకసు మార్చిన పిదప ఒకటి రెండుగా తేలినది, మొత్తము పండ్రెండు" అని ఆయన చెప్పెను.

ఆ పుటకు ఆ తరగతిలో అన్నిటికంటె ఎక్కువ మార్కులు వచ్చినవి. అది న్యాయమని మా నమ్మకము. తక్కిన వారి పండ్రెండు నిజమే గాని, వారు దానిని చూడలేదు. చూడని నిజమును చూచినట్లు వ్రాయుట అలవాటైనచో, పుస్తకము తప్పైన దినమున దానిని పట్టుకొనువాడు ఉండడు.

రైతు విత్తనము ఎందుకు మారిపోవును?

చేవెళ్ల ప్రాంతమునుండి వచ్చు ఒక విద్యార్థి మరియొక ప్రశ్న అడిగెను. "మా నాయన ఒక ఏడు హైబ్రిడ్ టమాటా వేసిండు. మంచిగ కాసింది. ఆ పండ్ల విత్తనమే దాచి మళ్ల ఏడు వేస్తే ఒక్కో చెట్టు ఒక్కో తీరుగ వచ్చింది. విత్తనం పాడైందా సార్?"

విత్తనము పాడుగాలేదు. క్షయకరణ విభజన తన పని తాను చేసినది. హైబ్రిడ్ మొక్క రెండు శుద్ధవంశముల సంకరము. దాని ప్రతి జతలో ఒక క్రోమోసోము ఒక వంశమునుండి, రెండవది వేరొక వంశమునుండి వచ్చినది. మొదటి తరములో మొక్కలన్నియు ఒకే పోలికతో నుండుటకు కారణ మిదియే. కాని ఆ మొక్క తన బీజకణములను తయారుచేయునపుడు, ఏ జతలో ఏది ఏ ధ్రువమునకు పోవలెనను నియమము లేదు. ఒక్కొక్క జత స్వతంత్రముగా విడిపోవును. 12 జతలకు రెండేసి మార్గములు చొప్పున హెచ్చించినచో 4096 విధముల బీజకణములు వచ్చును.

ఇంకొక లెక్క చూడుడు. వేరువేరు క్రోమోసోములపై నున్న పది జన్యువులలో హైబ్రిడ్ మొక్క సంకరస్థితిలో నున్నదనుకొందము. దాని విత్తనమునుండి వచ్చు మొక్క ఒక జన్యువు విషయములో తల్లివలె సంకరముగా నుండుటకు అవకాశము సగము. పదింటను అట్లుండుటకు 1024లో ఒక్కటి. ఆ రైతు చేనులో తల్లిని పోలిన మొక్క అరుదగుటలో వింత యేమున్నది? హైబ్రిడ్ విత్తనమును ఏటేట కొనవలసివచ్చుటకు శాస్త్రకారణ మిదియే. శుద్ధవంశమునకు చెందిన రకమైనచో, టమాటా తనలో తానే ఫలించునది గనుక, విత్తనము దాచుకొని వాడుకొనవచ్చును. ఈ భేదము రైతుకు తెలిసియుండుట చాల అవసరము.

సహలగ్నత, పునస్సంయోజనము

పై చెప్పిన 4096 సంఖ్య నిజమునకు చాల తక్కువ. ఏలయన క్రోమోసోములు విడిపోవుటకు ముందే తమలో తాము ముక్కలను మార్చుకొనును. డిప్లోటీన్‌లో మనము చూచిన కయాస్మాలు ఆ మార్పిడికి గుర్తులు. ఈ భావమును 1909లో బెల్జియము శాస్త్రజ్ఞుడు జాన్సెన్స్ ప్రతిపాదించెను. క్రోమోసోముల ముక్కలు నిజముగా మారునని 1931లో హారియట్ క్రైటన్, బార్బరా మెక్లింటాక్ మొక్కజొన్నయందు ప్రత్యక్షముగా నిరూపించిరి. దీనినే వినిమయ మందురు. వినిమయమువలన జన్యువుల క్రొత్త కూర్పులు ఏర్పడుటయే పునస్సంయోజనము.

టమాటాలో కాండపు ఊదారంగును శాసించు ఒక జన్యువు 11వ క్రోమోసోముపై గలదు. ఆకు ఆలుగడ్డ ఆకువలె నుండుటకు కారణమైన జన్యువు 6వ దానిపై గలదు. ఈ రెండును వేరువేరు క్రోమోసోములపై నున్నవి గనుక స్వతంత్రముగా పోవును. కాని మొక్క పొట్టిదగుటకు కారణమైన జన్యువు, పండు బేరిపండువలె కోలగా నుండుటకు కారణమైన జన్యువు రెండును 2వ క్రోమోసోముపైననే ఉన్నవి. ఇట్టివి కలిసి పోవుటకు మొగ్గుచూపును. దీనిని సహలగ్నత యందురు. టమాటాలో సహలగ్నతను గూర్చి 1917లోనే డి.ఎఫ్. జోన్స్ వ్యాసము వ్రాసెను.

లెక్క నేర్చుటకై మేము కల్పించిన ఒక ఉదాహరణము తీసికొందము. పొడుగు మొక్క, గుండ్రని పండు గల శుద్ధవంశమును, పొట్టి మొక్క, కోలపండు గల వంశముతో సంకరము చేసితిమి. మొదటి తరమంతయు పొడుగు, గుండ్రము. ఆ సంకరమును మరల పొట్టి, కోల వంశముతో కలిపి 200 మొక్కలు పెంచితిమి. వాటిలో పొడుగు, గుండ్రము 85. పొట్టి, కోల 80. పొడుగు, కోల 17. పొట్టి, గుండ్రము 18 వచ్చినవనుకొందము. స్వతంత్రముగా పోవునవైనచో ఒక్కొక్క తరగతిలో సుమారు 50 ఉండవలెను. తాత ముత్తాతల కూర్పులే ఎక్కువగా నున్నవి గనుక ఇవి సహలగ్నములు. క్రొత్త కూర్పులు 17, 18 కలిపి 35. దానిని 200తో భాగించి నూటితో హెచ్చించిన 17.5 శాతము. ఇదియే పునస్సంయోజన శాతము.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడు విషయమొకటి కలదు. 17.5 శాతము క్రొత్త కూర్పులు వచ్చినవన్నచో 17.5 శాతము మాతృకణములలో వినిమయము జరిగినదని అర్థము కాదు. ఒక వినిమయములో పాల్గొనునవి నాలుగు క్రోమాటిడ్లలో రెండు మాత్రమే. తక్కిన రెండును పాత కూర్పుతోనే మిగులును. కావున ఒక మాతృకణములో వినిమయము జరిగినను, దాని నాలుగు రేణువులలో రెండే క్రొత్తవి. జంట వినిమయములను విడిచిపెట్టినచో, 35 శాతము మాతృకణములలో వినిమయము జరిగినదని చెప్పవలెను. అన్ని మాతృకణములలోను ఒక్కొక్క వినిమయము జరిగినను క్రొత్త కూర్పులు 50 శాతమును మించవు.

జన్యువులు దూరముగా నున్నకొలది వాటి నడుమ వినిమయము జరుగు అవకాశము హెచ్చును. కావున ఈ శాతమునే దూరమునకు కొలతగా గ్రహించి పటము గీయవచ్చునని స్టర్టివెంట్ అనునతడు కనుగొనెను. అప్పుడతడు మోర్గన్ ప్రయోగశాలలో పనిచేయుచున్న కళాశాల విద్యార్థి. తరగతి హోంవర్కును పక్కన పెట్టి ఒక్క రాత్రిలో ఈగల క్రోమోసోమునకు ప్రపంచములోని మొదటి జన్యుపటమును గీసెను. అది 1913లో ప్రచురింపబడినది. దూరపు కొలతకు 1919లో 'సెంటీమోర్గన్' అని పేరు పెట్టినవాడు హాల్డేన్. ఆయన 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరములో కన్నుమూసెను.

మార్పిడి అన్నిచోట్ల సమానము కాదు

పాకిటీన్ దశలో టమాటా క్రోమోసోమును చూచినచో సెంట్రోమియరునకు ఇరుపక్కల గాఢముగా రంగుపట్టిన భాగము, దానికి అవతల చివరలవైపు లేత రంగు భాగము స్పష్టముగా వేరుగా కనబడును. 1949లో ఎస్.డబ్ల్యు. బ్రౌన్ ఈ నిర్మాణమును వివరముగా వర్ణించెను. మరుసటి సంవత్సరము బార్టన్ 12 క్రోమోసోములను విడివిడిగా గుర్తించు విధమును ప్రకటించెను. వీనిలో కేంద్రకాంశమునకు అంటుకొని యుండునది 2వ క్రోమోసోము. గుర్తుపట్టుటకు సులభమైన దిదియే.

జతకూడిన క్రోమోసోములపై వినిమయము జరుగు చోట్లను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చిన్న బొడిపెలుగా చూడవచ్చును. 1995లో షెర్మన్, స్టాక్ అను శాస్త్రజ్ఞులు టమాటాలో వీనిని లెక్కించి పటము గీసిరి. ఒక కణములో ఇవి సగటున ఇరువదికి కొంచెము పైగా మాత్రమే ఉండును. అనగా జంటకు ఇంచుమించు రెండు. అవియు లేత రంగు భాగములలోనే ఎక్కువ. గాఢ భాగములో బహు అరుదు. ఐతే టమాటా డి.ఎన్.ఏ.లో ఇంచుమించు మూడు వంతులు ఆ గాఢ భాగములోనే కలదు. కావున జన్యుపటములో పక్కపక్కన కనబడు రెండు జన్యువులు డి.ఎన్.ఏ. కొలతలో చాల దూరముగా నుండవచ్చును.

అడవి మొక్కనుండి తెచ్చిన మేలు

దీనివలన ప్రయోజన మేమని అడుగువారికి సమాధానము టమాటా చేలలోనే కలదు. సాగులోనున్న టమాటాకు వేరుబుడిపె నులిపురుగు గొప్ప శత్రువు. పెరూ దేశపు అడవి టమాటా దానిని తట్టుకొనగలదు. కాని ఆ రెంటిని సంకరము చేసినచో విత్తనము సరిగా ఎదుగదు. 1944లో స్మిత్ అనునతడు లేత పిండమును తీసి పోషక మాధ్యమములో పెంచి సంకరమును సాధించెను. ఆ నిరోధక జన్యువునకు 'మి' అని పేరు. అది 6వ క్రోమోసోముపై గలదు. దానిని పట్టుకొనుటకు ఒక సులువైన గుర్తును 1974లో చార్లెస్ రిక్, ఫోబెస్ చూపిరి. ఆ జన్యువుతో సహలగ్నమైన ఒక ఎంజైము రూపమును ఆకులో పరీక్షించినచో, పురుగు లేకుండగనే మొక్క నిరోధకమో కాదో చాలవరకు చెప్పవచ్చును. ఐతే నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీల సెల్సియసు మించినచో ఈ నిరోధకశక్తి సన్నగిల్లును. మన వేసవి నెరిగినవారు ఈ మాటను మరువరాదు.

రెండవ ఉదాహరణము పొగాకు మొజాయిక్ వైరసును తట్టుకొను 'టి.ఎం.-2' జన్యువు. ఇదియు అడవి టమాటానుండి వచ్చినదే. మేలైన జన్యువు ఒంటరిగా రాదు. దాని పక్కనున్న అడవి జన్యువులు కూడ వెంట వచ్చును. వానిని వదలించుటకు సంకరమును మరల మరల సాగురకముతో కలుపుచు పోవుదురు. ఇట్లు తయారైన రకములను 1989లో యంగ్, టాంక్స్‌లీ పరీక్షించిరి. కొన్నిటిలో జన్యువు చుట్టు మిగిలిన అడవి ముక్క 4 సెంటీమోర్గన్లు మాత్రమే ఉండగా, మరికొన్నిటిలో 51కి మించి, క్రోమోసోము పొట్టిభుజమంతయు అడవిదే ఉండెను. వైరసును తట్టుకొను మొక్కను ఏరుకొనిరి గాని, జన్యువునకు దగ్గరగా వినిమయము జరిగిన మొక్కను గుర్తించి ఏరుకొనలేదు. అందుచేత ఆ శ్రమలో అధికభాగము ఫలింపలేదు. డి.ఎన్.ఏ. గుర్తుల సహాయముతో ఏరుకొన్నచో రెండే తరములలో సాధింపగలిగినది, అవి లేనిచో నూరు తరములు పట్టునని వారు అంచనా వేసిరి.

2012లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందము టమాటా జన్యురాశిని చదివి ప్రకటించెను. 12 క్రోమోసోములను దేశములు పంచుకొనగా, 5వ దానిని చదివినవారు మన భారతీయ శాస్త్రజ్ఞులు.

ముగింపు

ఈ పాఠమునకు కావలసినది గొప్ప ధనము కాదు. కళాశాల ఆవరణలో ఒక మడి, అందు టమాటా నారు, నిత్యము నీరు పోయు ఇద్దరు విద్యార్థులు, ఒక్కొక్క సీసా ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లము, కొంచెము కార్మిన్. మా ప్రయోగశాలలో ఒక సూక్ష్మదర్శిని ముందు పదునైదుగురు విద్యార్థులు నిలువవలసివచ్చినది. ఒక్కొక్కరికి చిక్కినది ఒక నిమిషము. నిమిషములో ఎవ్వరును పండ్రెండు జంటలు లెక్కింపలేరు. పుస్తకమునుండి బొమ్మ దించిన పిల్లలను తప్పుపట్టుటకు ముందు ఈ సంగతిని మనము ఆలోచింపవలెను. కళాశాల కార్యవర్గము వారు రాబోవు సంవత్సరములో ఇంకను కొన్ని సూక్ష్మదర్శినులను సమకూర్చినచో పిల్లలు తమ కన్నులతో చూచి, తమ చేతితో వ్రాయగలరని సవినయముగా మనవి చేయుచున్నాము.

విద్యార్థులకు రెండు ప్రశ్నలు విడిచి ముగింతుము. ఒకటి: పై ఉదాహరణములో శుద్ధవంశములు పొడుగు, కోల ఒకటి; పొట్టి, గుండ్రము రెండవది ఐనచో నాలుగు తరగతులలో ఏవి ఎక్కువగా వచ్చును? రెండు: కాండపు రంగు, ఆకు రూపము గల జన్యువులతో అదే ప్రయోగము చేసినచో 200 మొక్కలు ఎట్లు పంచబడును? సమాధానములు వ్రాసి తెచ్చినవారితో కూర్చుండి సరిచూచెదము. లెక్క తప్పినను వెరపు వలదు. ఎట్లు లెక్కించితిరో దాచక వ్రాసి తెండు.